తమ్ముడి పేరు మీద ఏం చేస్తే నిలుస్తుంది?

ప్రశ్న: మా తమ్ముడు ఐదేళ్ల లా కోర్సులో నాలుగో సంవత్సరం చదువుతూ నాలుగు నెలల క్రితం రోడ్డు ప్రమాదంలో పోయాడు. బైకు మీద హాస్టలుకి వెళ్తుంటే వెనక నుంచి లారీ కొట్టింది. వాడికి 22 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. మా ఇళ్లల్లో నల్లకోటు వేసుకోబోయిన మొదటివాడు వాడే. స్నేహితులు, బంధువులు కలిసి 3 లక్షలు పోగు చేశారు. మేం ఇంకో 2 లక్షలు వేద్దామనుకుంటున్నాం. రిటైరయిన నాన్న ఊరి సెంటర్లో విగ్రహం పెట్టిద్దామంటారు. స్నేహితులు వాడి పేరున జాతీయ స్థాయి మూట్ కోర్టు (లా విద్యార్థులు కల్పిత కేసును కోర్టులోలా వాదించే) పోటీ పెడదామంటున్నారు. డాలస్‌లో ఉన్న మేనమామ ట్రస్టు పెట్టండి, డబ్బు నేను పంపుతానంటాడు. అమ్మయితే వాడి గది తలుపు కూడా తియ్యనివ్వట్లేదు. యాక్సిడెంటు కేసు వేద్దామంటే నాన్న "కొడుకు ప్రాణానికి ఖరీదు కట్టించుకుని తింటామా" అన్నారు. రెండేళ్లు పోతే వాణ్ణి అందరూ మర్చిపోతారేమోనని నా భయం. ఏం చేస్తే బాగుంటుంది? ఎలా చెయ్యాలి?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటిలో ఒక్కదానికే గడువుంది. నాన్నగారు వద్దన్న ఆ కేసుకే. అందుకని ముందు అదే చెబుతాం.

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద నష్టపరిహారం కోరే దరఖాస్తును ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలని 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ చెబుతోంది. ఈ గడువు చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాని మీద ఆశ పెట్టుకుని మాత్రం కూర్చోవద్దు. మీకు మిగిలింది రెండు నెలలే. ప్రమాదం ఏ జిల్లాలో జరిగినా సరే, మీరు ఉండే ప్రాంతంలోని మోటారు ప్రమాద పరిహారాల ట్రైబ్యునల్లోనే వేసుకోవచ్చు.

నాన్నగారి మాట మాకు కొత్త కాదు, బిడ్డ పోయిన ఇళ్లల్లో వినిపించేదే. ఆయనకు ఇలా చెప్పి చూడండి. ఇది ప్రాణానికి కట్టే ఖరీదు కాదు. బతికుంటే ఆ అబ్బాయి సంపాదనలో తల్లిదండ్రులకు అందాల్సిన భాగాన్ని లారీ తరఫు బీమా సంస్థ చేత కట్టించడం. అది తీసుకుని తినాలని కూడా లేదు, ఇవాళ మీరు పెట్టాలనుకుంటున్న నిధికి రేపు అదే దన్ను కావచ్చు.

ఆ లెక్క ఎలా వేస్తారో తెలిస్తే ఎవరూ మిమ్మల్ని తక్కువకు ఒప్పించలేరు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో ఖరారు చేసిన పద్ధతి ఇది. చదువుకునే పిల్లవాడికి జీతం ఉండదు కాబట్టి ఒక ఊహాదాయం తీసుకుంటారు. ఉదాహరణకు నెలకు 15,000 అనుకోండి. ముందు ముందు పెరిగేదానికి 40 శాతం కలిపితే 21,000 అవుతుంది. పెళ్లి కానివాడు గనక సొంత ఖర్చు కింద సగం తీసేస్తారు, 10,500 మిగులుతుంది. దాన్ని 12 నెలలతో, 22 ఏళ్ల వయసుకు వర్తించే 18తో గుణిస్తే 22,68,000. దీనిమీద కొడుకును పోగొట్టుకున్నందుకు తల్లిదండ్రులకు ఇచ్చేది, అంత్యక్రియల ఖర్చు లాంటివి విడిగా కలుపుతారు. చూశారా, మొత్తమంతా ఆ మొదటి అంకె చుట్టూ తిరుగుతుంది. ఊహాదాయం 8,000 దగ్గర ఆగుతుందా, 20,000కు చేరుతుందా అన్నది మీరు పెట్టే కాగితాల మీద చాలావరకు ఆధారపడుతుంది. ఎఫ్‌ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం నివేదిక, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు నివేదిక, ఛార్జిషీటు ఎటూ కావాలి. వాటితోపాటు అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు, కాలేజీ స్టడీ సర్టిఫికెట్టు, ఫీజు రసీదులు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు, మూట్ కోర్టు పోటీల్లో పాల్గొన్న పత్రాలు కూడా జత చెయ్యండి. కేసు చూసే వకీలు "వచ్చినదాంట్లో ఇంత శాతం" అంటే ఒప్పుకోకండి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఫీజు ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోండి.

ఇదే ఊపులో అబ్బాయి బ్యాంకు పాసుబుక్ తిరగెయ్యండి. ఏటా మే నెలాఖరున 20 రూపాయలో 436 రూపాయలో కట్ అయ్యాయేమో చూడండి. 20 అయితే ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 అయితే జీవనజ్యోతి బీమా. ఒక్కోదానికి 2 లక్షలు వస్తాయి, ప్రమాద మరణానికి రెండూ వర్తిస్తాయి. చాలా ఇళ్లల్లో ఈ పాలసీ ఉన్న సంగతే తెలియక వదిలేసుకుంటున్నారు. వీటికి ఆలస్యం చెయ్యకుండా బ్యాంకులో క్లెయిము ఫారం ఇవ్వాలి, నాలుగు నెలలైంది కాబట్టి ఈ వారమే వెళ్లండి. కాలేజీ విద్యార్థులకు సామూహిక ప్రమాద బీమా తీసుకుందేమో ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అడగండి. చదువు కోసం అప్పు తీసుకుని ఉంటే దానికి బీమా ఉందో లేదో అదే రోజు కనుక్కోండి. బీమా లేకపోతే సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన నాన్నగారే కట్టాల్సి వస్తుంది.

ఇక జ్ఞాపకం మాటకొద్దాం. నిధి, పోటీ, విగ్రహం ఇవన్నీ ఏడాది ఆగినా పోయేదేం లేదు. ఆగనివి వేరే ఉన్నాయి.

మొదటిది గొంతు. అబ్బాయి ఫోన్ నంబరు ఇంకా బతికే ఉందా? 90 రోజులు వాడకుండా, రీఛార్జి లేకుండా ఉంటే కంపెనీ నంబరు తీసేసుకోవచ్చు. కొన్నాళ్లకు అది ఇంకెవరి చేతికో వెళ్తుంది. ఉంటే ఇవాళే రీఛార్జి చేయించండి, అబ్బాయి ఖాతాలకు వచ్చే ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే తొలగిపోతుంది. గూగుల్ ఖాతాను రెండేళ్లు ఎవరూ తెరవకపోతే ఫొటోలతో, డ్రైవ్‌లోని నోట్సుతో సహా తుడిచెయ్యవచ్చు. అబ్బాయి ఖాతా పోయినా వాడు పంపిన వాయిస్ మెసేజీలు స్నేహితుల ఫోన్లలో ఉంటాయి. నలుగురైదుగురు దగ్గరి స్నేహితులను అడిగి, వాళ్ల ఫోన్లో అబ్బాయితో ఉన్న చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి పంపమనండి. వాళ్లు ఫోన్ మార్చే లోపే అడగాలి. లా చదివే పిల్లలు చివరి ఏడాది అయ్యేసరికి తలో ఊరికి పోతారు. వచ్చినవాటిని రెండు చోట్ల దాచండి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మీ ఇంటి కంప్యూటర్లో. అమ్మకు ఇప్పుడు వినిపించక్కర్లేదు. ఎప్పుడో ఒకరోజు ఆవిడే అడుగుతుంది. ఆ రోజున ఉండాలి, అంతే.

రెండోది చేతిరాత. దీని గురించి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లా విద్యార్థులకు ఒక ప్రాక్టికల్ పేపరుంటుంది. మూడు మూట్ కోర్టులు వాదించాలి, ఒక్కోదానికి 10 మార్కులు, రాతకు 5, వాదనకు 5. రెండు కేసుల విచారణ కోర్టులో కూర్చుని చూసి రాయాలి. ఐదేళ్ల కోర్సులో 20 వారాల ఇంటర్న్‌షిప్ చేసి డైరీ పెట్టాలి. ఇవన్నీ చేత్తో రాసిన రికార్డు పుస్తకాలు. తేదీ, కోర్టు హాలు, కేసు నంబరు, ఆ రోజు ఏ దశలో ఉంది, సాక్షి ఏం చెప్పాడు, క్రాస్‌లో (ఎదుటి వకీలు ప్రశ్నించినప్పుడు) ఎక్కడ తడబడ్డాడు, కింద సీనియర్ వకీలు సంతకం. పేజీ అంచున లెక్చరర్ ఎర్రసిరాతో వేసిన మార్కులు. ఒక కుర్రాడు న్యాయాన్ని మొదటిసారి దగ్గర నుంచి చూస్తూ ఏం గమనించాడో తెలిసేది ఆ పేజీల్లోనే. మార్కులు వేశాక అవి కాలేజీ బీరువాలో కొన్నాళ్లుండి, గది ఖాళీ చేసినప్పుడు పాతకాగితాలవాడికి పోతాయి. మీ తమ్ముడు నాలుగో ఏడాదిలో ఉన్నాడంటే కొన్నయినా రాసే ఉంటాడు. హాల్‌టికెట్ నంబరు వేసి, మరణ ధ్రువపత్రం జత చేసి, రికార్డులు ఇప్పించమని ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇవ్వండి. పరీక్ష నిబంధనలు ఒప్పుకోక అసలు ఇవ్వలేమంటే స్కాన్ చేసుకుంటామనండి.

ఆ డైరీలు అచ్చు వేద్దామన్న ఆలోచన తప్పక వస్తుంది. వెయ్యండి, కానీ కక్షిదారుల పేర్లు, ఊళ్లు, కేసు నంబర్లు తీసేసి. వకీలు ఆఫీసులో విన్నది బయటపెట్టకూడదన్న కట్టుబాటు ఇంటర్న్‌గా కూర్చున్న పిల్లవాడికీ ఉంటుంది. దాన్ని అతని తరఫున మీరు నిలబెట్టాలి.

ఇప్పుడు నాన్నగారి విగ్రహం. రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద, ప్రజల వాడుకలో ఉండే స్థలాల్లో విగ్రహాలకు అనుమతివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. సర్పంచి సరేనన్నా, వార్డు మెంబర్లు తలూపినా అది అనుమతి కాదు. రేపు రోడ్డు వెడల్పు చేసినప్పుడో, పార్టీల గొడవలోనో దాన్ని పెకిలిస్తే ఆ దెబ్బ మీ నాన్నగారు తట్టుకోలేరు. పైగా న్యాయశాస్త్రం చదివిన బిడ్డ విగ్రహం కోర్టు వద్దన్న చోట నిలబడటం మాకైతే మనసొప్పదు. నాన్నగారి కోరికలో న్యాయం లేకపోలేదు. నలుగురూ నడిచే దారిలో కొడుకు ముఖం కనిపించాలని ఆయనకుంది. మీ సొంత పొలం గట్టునో, ఇంటి ఆవరణలోనో కట్టుకోవడానికి అడ్డేం లేదు. కానీ నిధిలో డబ్బు దానికి ముట్టుకోకండి. స్నేహితులు ఇచ్చిన 3 లక్షలు దేనికోసం ఇచ్చారో వాళ్లను అడగకుండా ఖర్చు పెడితే మాటొస్తుంది.

స్నేహితుల జాతీయ మూట్ కోర్టు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే లా కాలేజీల్లో జ్ఞాపకార్థం అనగానే మొదట తట్టేది ఇదే, మూడో ఏటికల్లా ఆగిపోయేదీ ఇదే. లెక్క చూడండి. 16 జట్లు వచ్చాయనుకుంటే, జట్టుకు ముగ్గురు, ఇద్దరు వాదిస్తారు, ఒకరు పరిశోధన చూస్తారు. 48 మంది పిల్లలు. ప్రతి జట్టూ ప్రాథమిక దశలో వాది తరఫున ఒకసారి, ప్రతివాది తరఫున ఒకసారి వాదించాలి కాబట్టి 16 రౌండ్లు. తర్వాత క్వార్టర్స్ 4, సెమీస్ 2, ఫైనల్ 1. మొత్తం 23 రౌండ్లు. నాలుగు గదుల్లో ఒకేసారి నడిపితే గదికి ఇద్దరు చొప్పున 8 మంది న్యాయనిర్ణేతలు కావాలి. రెండు రోజులు బస, భోజనాలు, జ్ఞాపికలు, బహుమతులు కలిపితే లక్ష దాటుతుంది. మీ 5 లక్షలకు వచ్చే వడ్డీ ఏడాదికి ముప్పై వేల పైచిలుకే. మొదటి ఏడాది చందాలతో ఘనంగా చేస్తారు, రెండో ఏడాది అసలులోంచి తీస్తారు, మూడో ఏడాదికి అబ్బాయి బ్యాచ్ పిల్లలంతా కాలేజీ దాటి పోతారు. బాధ్యత చూసే లెక్చరర్ మారతారు. వాదనకిచ్చే సమస్యను రాసేవాళ్లు ఉండరు. అది రాయడం తేలిక పని కాదు, రెండు వైపులా సమానంగా బలం ఉండాలి, లేకపోతే లాటరీలో మంచి వైపు పడ్డ జట్టే గెలుస్తుంది.

పోటీయే కావాలంటే చిన్నగా, కొత్తగా చెయ్యండి. కాలేజీ స్థాయిలో ఒక్కరోజు, ఇద్దరేసి ఉండే 8 జట్లు, తెలుగులో వాదన. ట్రయల్ కోర్టులో సాక్షి తెలుగులోనే చెబుతాడు, కక్షిదారుకూ తెలుగే అర్థమవుతుంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులోనే ఇచ్చింది కూడా. అయినా లా కాలేజీ పోటీలన్నీ ఇంగ్లిషులోనే జరుగుతాయి. పల్లె నుంచి తెలుగు మీడియంలో చదువుకొచ్చిన పిల్లవాడు ఆ బల్ల దగ్గరకే రాడు. ఒక సాక్షిని ప్రధాన విచారణ చెయ్యడం, క్రాస్ చెయ్యడం, చివర వాదన వినిపించడం, జట్టుకు 30 నిమిషాలు. పదిహేను వేలల్లో అయిపోతుంది. ఊళ్లోని ఇద్దరు సీనియర్ వకీళ్లు న్యాయనిర్ణేతలుగా వస్తే చాలు.

యూనివర్సిటీలో బంగారు పతకం గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు ఆ సలహా ఇస్తారు. ఇప్పటి బంగారం ధరకు ఐదు గ్రాముల పతకం కూడా మీ ఏడాది వడ్డీని మింగేస్తుంది. స్నాతకోత్సవం ప్రతి ఏటా జరగని చోట మూడేళ్ల పతకాలు ఒకేసారి ఇస్తారు, అప్పటికి ఆ పిల్లలు స్టేజి దగ్గరకు రారు. ఇంకో చిక్కు: పతకాన్ని ఒక పేపరుకు కడతారు. "ఐపీసీలో ప్రథమ స్థానం" అని రాసిచ్చినవాళ్లకు 2024 జులై 1 తర్వాత ఏమైందో చూడండి. ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఆ పేరున్న పేపరే మాయమైంది. దాత పోయి, ఒప్పంద పత్రంలో మార్పుకు దారి లేకపోతే ఆ డబ్బు అలా పడి ఉండాల్సిందే. ఏ నిధి కాగితంలోనైనా "పేరు ఏదైనా, ఆ విషయం బోధించే పేపరు" అన్న మాట తప్పక ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, మొదటి ర్యాంకు వచ్చిన అమ్మాయికి అప్పటికే మూడు పతకాలుంటాయి. నాలుగోదాని మీద ఎవరి పేరుందో ఆమెకు గుర్తుండదు.

మరి ఏం చెయ్యాలి? మీ ఉత్తరంలో ఒక మాట మమ్మల్ని పట్టుకుంది: "మా ఇళ్లల్లో నల్లకోటు వేసుకోబోయిన మొదటివాడు." మీ తమ్ముడు వేసుకోలేకపోయిన కోటును, ఏటా ఇంకో ఇద్దరు మొదటితరం పిల్లల చేత వేయించండి.

లా పట్టా చేతికొచ్చిన రోజుకీ, వకీలుగా మొదటి రూపాయి చూసే రోజుకీ మధ్య ఒక ఎండిన కాలువ ఉంటుంది. పేదింటి పిల్లలు అందులోనే ఆగిపోతారు. చదివేటప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంటుంది, పట్టా వచ్చాక అది ఆగిపోతుంది. ఆ కాలువ దాటడానికి ఒకరికి ఎంత కావాలో లెక్క కట్టి చూశాం. బార్ కౌన్సిల్‌లో నమోదు రుసుము 750, ఎస్సీ ఎస్టీలకు 125. ఇంతకుమించి వసూలు చెయ్యడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తేల్చేసింది, స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. నమోదైన రెండేళ్లలోపు రాసి గట్టెక్కాల్సిన అఖిల భారత బార్ పరీక్షకు మూడున్నర వేల చుట్టూ. కోటు, గౌను, మెడకు కట్టే తెల్ల బ్యాండ్లు రెండు జతలకు 4,000. కొత్త మూడు నేర చట్టాలు, సివిల్ ప్రొసీజర్, ఇంకో నాలుగు బేర్ యాక్టులకు (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకాలు) 3,000. నమోదుకు హైకోర్టు ఊరికి పోయి రావడానికి, నోటరీ, జిరాక్సులకు 1,750. మొత్తం 13,000. ఇద్దరికి 26,000.

5 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే, 6.5 శాతం లెక్కన ఏటా 32,500 వస్తుంది. 26,000 ఖర్చు, 6,500 మళ్లీ అసలులోకి. ఈ తిరిగి కలపడం మర్చిపోకండి. ధరలు పెరుగుతాయి, అసలు పెరగకపోతే పదేళ్లకు ఇద్దరి బదులు ఒక్కరికే ఇవ్వగలుగుతారు. నాన్నగారికి 60 దాటి ఉంటే డిపాజిట్‌లో ఆయన పేరు మొదట పెట్టండి. పెద్దవాళ్లకు బ్యాంకులు అర శాతం దాకా ఎక్కువిస్తాయి. మొదటి పేరున్నవాళ్ల ఆదాయంలోనే వడ్డీ కలుస్తుంది కాబట్టి పన్ను కట్టనక్కర్లేని వాళ్లయితే ఇంకా మంచిది. రెండో పేరు మీది. ఆయన తర్వాత ఇబ్బంది లేకుండా ఇద్దరిలో ఎవరైనా నడిపే పద్ధతిలో తెరవండి. స్నేహితుల డబ్బు ఇప్పుడు ఎవరి యూపీఐ ఖాతాలో ఉంది? ఎవరిదైనా సరే, దాన్ని ఈ నెలలోనే బయటికి తీసి ఈ ఖాతాలో వేసి, ఎవరు ఎంత ఇచ్చారో జాబితాను అందరికీ పంపండి. స్నేహాలు చెడేది దొంగతనం వల్ల కాదు, లెక్క చెప్పడం ఆలస్యమవడం వల్ల.

ఎంపికకు మార్కులు చూడకండి. ఇంట్లో ఇంతకుముందు వకీలు లేకపోవడం, ప్రాక్టీసు చేస్తానన్న నిర్ణయం, ఈ రెండే. ఒక పేజీ దరఖాస్తు, తెలుగులో. చూసేది ముగ్గురు: కాలేజీ నుంచి ఒక అధ్యాపకుడు, స్థానిక బార్ నుంచి ఒక సీనియర్, అబ్బాయి బ్యాచ్ నుంచి ఒకరు. మీరు ఎంపికలో కూర్చోవద్దు. ఎంపిక కానివాళ్ల ముఖాలు మీరు మొయ్యలేరు. డబ్బు ముందే చేతికిచ్చేకంటే నమోదు తేదీ ఖరారయ్యాక ఇవ్వండి, కోటు మాత్రం మీరే కొలతలు తీయించి కుట్టించండి.

దీనికి తేదీ ఏది పెడతారన్నది కూడా ఆలోచించాలి. తద్దినం తిథి ప్రకారం వస్తుంది, ఏటా మారుతుంది, అది ఇంటి పని. ఈ పనికి అబ్బాయి పుట్టినరోజు పెట్టుకోండి. అది పరీక్షల మధ్య పడితే, జాతీయ న్యాయసేవల దినమైన నవంబరు 9 చూడండి. ఆ రోజు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఎలాగూ శిబిరాలు పెడుతుంది. మీ ఊళ్లో ఒకటి పెట్టమని సంస్థ కార్యదర్శికి అక్టోబరు మొదట్లోనే లేఖ ఇవ్వండి. సంస్థకు డబ్బు ఇవ్వనక్కర్లేదు. పంచాయతీ హాలు, కుర్చీలు, మంచినీళ్లు, దరఖాస్తులు రాసిపెట్టే పదిమంది లా విద్యార్థులు ఉంటే చాలు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారని, 15100కు ఫోన్ చెయ్యొచ్చని ఇప్పటికీ ఊళ్లల్లో తెలియదు. నాన్నగారు కోరుకున్న సెంటర్ ఆ రోజు ఆ హాలే అవుతుంది, గోడ మీద కొడుకు ఫొటోతో.

ఇదంతా రెండు పేజీల కాగితం మీద పెట్టి అందరూ సంతకాలు చెయ్యండి. సాయం ఎవరికి, ఎంత, ఎవరు ఎంపిక చేస్తారు, సభ్యుల్లో ఒకరు తప్పుకుంటే ఇంకొకరు ఎలా వస్తారు, ఒక ఏడాది తగినవాళ్లు దొరక్కపోతే వడ్డీ అసలులో కలపడం, కాలేజీ మూతపడితే పక్క కాలేజీకి మార్చడం, ఐదేళ్లకోసారి మొత్తాన్ని సవరించడం. అబ్బాయిని ఎరిగినవాళ్లంతా ఊళ్లు వదిలి పోయాక పనిని నడిపేది ఆ కాగితమే.

మేనమామ గారి ట్రస్టు గురించి. 5 లక్షలకు ట్రస్టు వద్దు. పత్రం రిజిస్ట్రేషను, పాన్, పన్ను మినహాయింపు నమోదు, ఏటా లెక్కలు, రిటర్నులు, ఆడిటర్ ఫీజు కలిపితే ఒక పిల్లవాడి కోటు ఖర్చు అక్కడే పోతుంది. పరిహారం వచ్చి నిధి పాతిక లక్షలు దాటితే అప్పుడు ఆలోచించండి. పైగా ఆయన అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు ఇచ్చేది) ఉన్నా సరే, ట్రస్టుకు పంపే డబ్బు విదేశీ విరాళం కిందకు వస్తుంది. కేంద్ర హోంశాఖ అనుమతి లేకుండా తీసుకోవడం నేరం. భారత పాస్‌పోర్టుతోనే ఉంటే సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కాదు. తోబుట్టువుగా మీ అమ్మగారికి వ్యక్తిగతంగా పంపడం మళ్లీ వేరే సంగతి. ఆయన పాస్‌పోర్టు ఏదో కనుక్కుని, ఒకసారి ఆడిటర్‌తో మాట్లాడాకే పైసా తెప్పించండి.

పుస్తకాలు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. రాజ్యాంగం, కాంట్రాక్టు, ఆస్తి బదిలీ, సివిల్ ప్రొసీజర్ పుస్తకాలు జూనియర్లకు ఉపయోగపడతాయి. పాత ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్యాధారాల చట్టం పరీక్షకు పనికిరావు. 2024 జులైకి ముందు జరిగిన నేరాల కేసులు పాత శిక్షాస్మృతి కిందే నడుస్తున్నాయి గనక ఒక వకీలు ఆఫీసుకు ఇవ్వొచ్చు. అబ్బాయి పెన్సిలుతో గీతలు గీసి, అంచుల్లో రాసుకున్నవి మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఇచ్చే ముందు ప్రతి పుస్తకం పేజీ పేజీ తిప్పండి, మధ్యలో బస్సు టికెట్టు, హాల్‌టికెట్టు, ఎవరో రాసిన చీటీ ఉంటాయి.

సంవత్సరీకం నాటికి ఒక చిన్న స్మారక సంచిక వెయ్యాలనిపిస్తే 48 పేజీలు చాలు, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగు గుణిజం కావాలి. స్నేహితులను "నాలుగు మాటలు రాయండి" అంటే అందరూ "మంచివాడు, నవ్వుతూ ఉండేవాడు" అనే రాస్తారు. ప్రశ్న ఇవ్వండి: మీరిద్దరూ దేని మీద గొడవపడ్డారు? మొదటి మూట్‌లో ఏం జరిగింది? హాస్టల్లో ఏం తినేవాడు? ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోయి అచ్చులో మసకబారతాయి, డాక్యుమెంటుగా పంపమనండి. ప్రెస్సులో టైపు ఫాంటు మార్చినప్పుడు వత్తులు, పొల్లులు తారుమారవుతాయి. చివరి ప్రూఫు కాగితం మీదే చూడండి, అబ్బాయి పేరు, పుట్టిన తేదీ ఇద్దరు వేరువేరుగా సరిచూడండి.

గది సంగతి అమ్మకే వదిలెయ్యండి. వాసన పట్టకుండా కిటికీ ఒక్కటి అప్పుడప్పుడు తియ్యనిమ్మని అడగండి, పుస్తకాలకు చెదలు పట్టే కాలం ఇది. లోపల అబ్బాయి మూట్‌కు వేసుకున్న నల్లకోటు హ్యాంగరుకు ఉండే ఉంటుంది. దాన్ని డ్రైక్లీనింగుకు వెయ్యకండి, ఎవరికీ ఇవ్వకండి. మొదటి ఇద్దరు పిల్లలకు కోట్లు కుట్టించే రోజున కొలతల కోసం దర్జీ ఒక నమూనా కోటు అడుగుతాడు. అప్పుడు అమ్మను అడిగి చూడండి. ఆవిడ వద్దంటే బజారులో ఇంకోటి దొరుకుతుంది.